కేయూ రోడ్డు మీది పాత కాంప్లెక్స్: ఏ మడిగెలో ఏ దుకాణం ఉండేది?

నయీంనగర్_వాసి
హనుమకొండలో నయీంనగర్ నుంచి కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డుకు పోతుంటే ఎడమ చేతికి వచ్చే పాత కాంప్లెక్స్‌ను కూలగొడుతున్నారు. కింద 8 మడిగెలు, పైన 6, నడుమ మెట్లు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు చూస్తే సగం షట్టర్లకు తాళాలు, మిగతావాటి మీద 'దుకాణం మార్చబడినది' అని కాగితాలు. ఇంట్లో ఆ మాట చెప్పగానే పంచాయతీ మొదలైంది. మెట్ల పక్క మడిగెలో ఏముండేది అని. నాన్న కిరాణా అంటాడు. నాకు తెలిసి అది క్యాసెట్ల షాపు. చెల్లె మాత్రం మొదటి నుంచీ లేడీస్ టైలరే అని ఒట్టేసి చెబుతోంది. ఎవరి కాలం వాళ్లది అని సర్దుకుపోవచ్చు, కానీ నాన్న వినే రకం కాదు. అది నేలమట్టం అయ్యేలోపు ఎవరెవరు వచ్చిపోయారో ఒకచోట రాసి పెడదామని ఉంది. తెలిసినవాళ్లు తెలిసింది చెప్పండి.

హసన్‌పర్తి_పోరడు
ఏ కాంప్లెక్స్? జిరాక్స్ కాంప్లెక్సా?

కేయూ_98బ్యాచ్
జిరాక్స్ కాంప్లెక్స్ ఏంది తమ్మీ. అది ఎస్టీడీ కాంప్లెక్స్.

బతుకమ్మ_అక్క
మా ఇంట్లో క్యాసెట్ల కాంప్లెక్స్ అనే అంటాం. ఆటో అతనికీ అదే చెబుతా. అతను నా మొహం చూస్తాడు, నేను అతని మొహం చూస్తా, చివరికి 'మండీ బిర్యానీ దగ్గరనా అమ్మా' అంటాడు.

హసన్‌పర్తి_పోరడు
అసలు పేరు గోడ మీద సిమెంటు అక్షరాలతో ఉందట కదా, ఫ్లెక్సీల వెనక?

నయీంనగర్_వాసి
ఉంది. ఫ్లెక్సీలు పీకేశాక ఇప్పుడు బయటపడింది. సగం అక్షరాలు రాలిపోయాయి. ఆ పేరుతో పిలిచిన మనిషిని పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు.

పాత_కిరాయిదారు
1996 నుంచి 2009 దాకా అందులో కిరాయికి ఉన్నాను కాబట్టి నేను చెబితే కొంత తేలుతుంది.

నాది నయీంనగర్ వైపు నుంచి మూడో మడిగె. ఎస్టీడీ బూత్. పసుపు బోర్డు, అద్దాల డబ్బా, అందులో ఒక స్టూలు, గోడకు మీటరు. పగలంతా ఈగలు తోలుకోవడమే. రాత్రి 11 దాటితే పావు రేటు కాబట్టి అసలు గిరాకీ అప్పుడు. హాస్టల్ పోరలు పదిన్నరకే వచ్చి మెట్ల మీద వరసగా కూర్చునేవాళ్లు. ముందున్న చాయ్ బండి నా బూత్ వల్ల బతికిందని నేనంటా, తన చాయ్ వల్ల నా బూత్ నడిచిందని అతనంటాడు. ఇప్పటికీ తేలలేదు.

2003లో రిలయన్స్‌వాళ్లు 501 రూపాయలకు ఫోన్ ఇచ్చినప్పుడే నాకు అర్థమైంది, డబ్బా మూటగట్టే రోజు వచ్చిందని. అద్దాల డబ్బా తీసేసి అదే జాగాలో జిరాక్స్ మిషన్ పెట్టాను. తర్వాత స్పైరల్ బైండింగ్, తర్వాత రీఛార్జ్ కూపన్లు. జనం ఏమంటారంటే, ఎస్టీడీ వాడు పోయి జిరాక్స్ వాడు వచ్చాడని. ఎవడూ పోలేదు, ఎవడూ రాలేదు. అదే కుర్చీ, అదే గల్లా, అదే నేను. బోర్డే మారింది. ఆ కాంప్లెక్స్‌లో ఇట్లాంటివి ఇంకో మూడు నాలుగు ఉన్నాయి. లిస్టు రాసేటప్పుడు దుకాణం మారిందా, మనిషి మారాడా అన్నది వేరువేరుగా చూడండి.

కేయూ_98బ్యాచ్
చూశావా తమ్మీ, నీ జిరాక్సూ నా ఎస్టీడీ ఒకటే మడిగె.

అన్నా, మీ బూత్‌లోంచే నేను నెలనెలా ఇంటికి ఫోన్ చేసేవాడిని. 'బాపూ పైసలు అయిపోయినయ్' అని చెప్పేలోపే మీ మీటరు ఉన్న పైసలు కూడా అయిపోగొట్టేది.

దుబాయ్_సమ్మయ్య
మాది హుజూరాబాద్ పక్కన పల్లె. 2001లో దుబాయ్ పోయిన. అప్పుడు మా ఆవిడ హనుమకొండలో వాళ్ల అక్క ఇంట్లో ఉండేది. నాకు శుక్రవారం సెలవు. ఫలానా టైముకు చేస్తా అని ఉత్తరంలో రాస్తే, ఆ టైముకు చిన్నదాన్ని చంకనేసుకొని ఈ బూత్‌కే వచ్చి కూర్చునేది. లైను కలిసిందంటే ముందు మా ఆవిడ గొంతు కాదు, పక్క దుకాణంలో టేపు రికార్డర్ పాట వినబడేది. అంటే క్యాసెట్ల షాపు ఆ పక్కనే ఉన్నట్టు. నయీంనగర్ తమ్ముడు రాసుకో, 2001లో నాలుగో మడిగె క్యాసెట్లు. అక్కడికి సాక్షిని నేనే.

ఇన్‌కమింగ్‌కు 3 రూపాయలు తీసుకునేటోడు ఈ అన్న.

పాత_కిరాయిదారు
2 రూపాయలు. బోర్డు మీద రాసి ఉండేది.

దుబాయ్_సమ్మయ్య
మా ఆవిడ పక్కనే ఉంది. 3 అంటోంది.

పాత_కిరాయిదారు
అయితే 3.

మిర్చిబజ్జీ
అందరూ మంచి మంచివి చెబుతున్నారు గానీ ఐదో నంబరు మడిగె ఊసు ఎవరూ ఎత్తరేం? దాంట్లో ఎవ్వడూ ఏడాది నిలవలేదు. బేకరీ, చెప్పుల షాపు, రంగు చేపల తొట్లు, ఐస్‌క్రీం, మళ్లీ బేకరీ. దానికి వీధిపోటు. ఎదురుగా గల్లీ సూటిగా వచ్చి దానికే తగులుతుంది. మా మామ మొదటి బేకరీ వాడికి చెప్పాడు కూడా, వినలేదు.

కాజీపేట_లోకో
వీధిపోటు అయితే రెండో బేకరీ వాడు ఎందుకు వచ్చాడు మరి? వాడికి మామ లేడా?

పాత_కిరాయిదారు
వీధిపోటు కాదు ఏమీ కాదు. దాని ముందు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంది. రోడ్డు మీద పోయేవాడికి ఆ మడిగె కనబడదు. బేకరీకి, ఐస్‌క్రీంకు కనబడటమే సగం వ్యాపారం. నోరూరితే కదా బండి ఆపేది.

కాజీపేట_లోకో
ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది తర్వాత. చెప్పుల షాపు అంతకుముందే ఎత్తేశాడు. నా లెక్క ప్రకారం అసలు దెబ్బ రోడ్డుది. 1990లో ఆ దుకాణాల్లోకి మూడు మెట్లు ఎక్కి పోయేవాళ్లం. పాతది తవ్వకుండా రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతున్నాం. అంటే నాలుగు మెట్ల ఎత్తు రోడ్డు మింగింది. ఐదో మడిగె అన్నిటికన్నా పల్లంలో ఉంది. వాన పడితే ముందు దాంట్లోకే.

దానికి తోడు రోడ్డు వెడల్పు చేసి నడుమ డివైడర్ కట్టారు. ఇంతకుముందు అవతలి వైపు ఇళ్లవాళ్లు పాలప్యాకెట్‌కు కూడా ఇటు దాటి వచ్చేవాళ్లు. ఇప్పుడు బండి మీద రావాలంటే యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి. కొత్తిమీర కట్టకు అంత దూరం ఎవరు తిరుగుతారు? సగం గిరాకీ అక్కడే తెగింది. ఇది ఒక్క మడిగె కథ కాదు, మొత్తం వరసది.

కరీంనగరం
మా దగ్గర కూడా సేమ్. డివైడర్ వేశాక ఒక వైపు దుకాణాలు వెలిగినయ్, ఇంకో వైపువి ఆరినయ్.

మిర్చిబజ్జీ
మీ థ్రెడ్ మీరు పెట్టుకోండి సారూ. ఇది హనుమకొండ పంచాయతీ.

టైపు_లోయర్‌పాస్
పై అంతస్తును మరిచిపోయారు. మెట్లెక్కగానే టైప్ ఇన్‌స్టిట్యూట్. 1989లో లోయర్ పాసయ్యాను అక్కడే. ఇరవై మిషన్లు ఒక్కసారి కొడుతుంటే కింద దుకాణాల సీలింగ్ నుంచి సున్నం రాలేది. తర్వాత అదే హాల్లో కంప్యూటర్ సెంటర్ వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి, ఏసీ గది, గుడికి పోయినట్టు ఉండేది. ఆ తర్వాత ఎంసెట్ కోచింగ్. ఇప్పుడు, అంటే మొన్నటిదాకా, స్టడీ హాల్. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు నెలకింత అని సీటు కట్టుకొని పొద్దంతా కూర్చుంటారు. మా అమ్మాయి అక్కడే కూర్చుంది. ఒకరోజు చూద్దామని పోతే 'ష్' అన్నారు నన్ను. నేను చెవులు గళ్లుమనేలా ఏఎస్‌డీఎఫ్ కొట్టిన హాల్లో.

హసన్‌పర్తి_పోరడు
ఆ స్టడీ హాల్‌లో నేనూ ఉన్నా ఆంటీ. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అదీ తిరిగితే.

లెక్కల_మాస్టారు
కిరాయిదారులు ఎందుకు నిలవలేదు అనేదానికి వాస్తు, ట్రాన్స్‌ఫార్మర్, రోడ్డు అన్నీ చెప్పారు, కాగితం సంగతి చెప్పలేదు. ఈ చిన్న మడిగెలన్నీ 11 నెలల అగ్రిమెంట్ మీద నడుస్తాయి. ఏడాది దాటిన లీజు అయితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, ఖర్చు. అందుకని 11 నెలలకు రాసుకుంటారు, అయిపోగానే మళ్లీ ఇంకో 11. ప్రతిసారీ కిరాయి ఎంతో కొంత పెరుగుతుంది. కొత్తగా వచ్చినవాడు అడ్వాన్స్, షట్టరుకు రంగు, బోర్డు, ర్యాకులు, కరెంటు పని అని ముందే చేతిలో ఉన్నది పెట్టేస్తాడు. దుకాణం నలుగురికీ తెలిసే సరికి 11 నెలలు నిండుతాయి. అప్పుడు పెంచమంటే ఉండలేడు, పోతే పెట్టింది పోతుంది.

ఇప్పుడు ఇంకొకటి. జీఎస్టీలో లేని ఓనరు దగ్గర, జీఎస్టీ నంబరు ఉన్న వ్యాపారి కిరాయికి ఉంటే, 2024 అక్టోబర్ 10 నుంచి ఆ కిరాయి మీద 18 శాతం వ్యాపారే కట్టాలి. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారుల స్కీమ్‌లో ఉన్నవాళ్లకు తర్వాత మినహాయింపు ఇచ్చారు. మిగతావాళ్లు ఇన్‌పుట్ కింద, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు, కానీ ముందు చేతి నుంచి పడాలి కదా.

మిర్చిబజ్జీ
మాస్టారూ, మేం దుకాణాల చరిత్ర అడిగాం, ఆడిట్ కాదు.

పాత_కిరాయిదారు
నవ్వకండి, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను 13 ఏళ్లలో అట్లాంటి కాగితాలు 14 మీద సంతకం పెట్టా. 2009లో ఎందుకు ఖాళీ చేశానంటే పదిహేనోదాని మీద అంకె చూసి.

అయితే ఓనర్‌ను పూర్తిగా తప్పు పట్టలేను. నేను వెళ్లిపోయాక, 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు. కాలేజీలు లేవు, బస్సులు లేవు, కేయూ పిల్లలంతా ఉద్యమంలో. ఆ రోజుల్లో సగం కిరాయే తీసుకున్నాడని నా తర్వాత వచ్చినతను చెప్పాడు.

కాజీపేట_లోకో
సగం తీసుకున్నాడు. తెలంగాణ వచ్చాక ఆ సగం వడ్డీతో సహా వసూలు చేశాడు.

బతుకమ్మ_అక్క
మెడికల్ షాపు గుర్తుందా ఎవరికైనా, చివరిది? మొదటి నుంచి అదొక్కటే మారలేదనుకుంటా. బోర్డు చూస్తే నవ్వొచ్చేది. 'వరంగల్ జిల్లా, ఏపీ' అని ఉండేది. 2014లో ఏపీ మీద టీఎస్ అని స్టిక్కర్ అంటించాడు. 2016లో వరంగల్ పక్కన అర్బన్ చేర్చాడు. 2021లో మొత్తం కొట్టేసి హనుమకొండ జిల్లా అని రాయించాడు. 2024లో టీజీ. మందులు అవే, మనిషి అదే, ఊరే కదిలినట్టు.

కేయూ_98బ్యాచ్
అతని బండి ఇప్పటికీ ఏపీ 36.

హసన్‌పర్తి_పోరడు
సెల్లార్ గురించి చెప్పండి ఎవరైనా. నేను అక్కడ జిమ్‌కు పోయేవాడిని. కండలు రాలేదు గానీ చెమ్మ వాసన మాత్రం టీషర్టు నుంచి ఇంకా పోలేదు.

కాజీపేట_లోకో
సెల్లార్ కాగితం మీద పార్కింగ్. దాంట్లో ముందు గోదాం, తర్వాత క్యారంబోర్డులు, తర్వాత జిమ్. బండ్లు మాత్రం ఎన్నడూ దిగలేదు. అవి రోడ్డు మీద, ఆ రోడ్డేమో సెల్లార్ వైపు పెరుగుతూ. 2015లో బీఆర్ఎస్ కింద డబ్బులు కట్టి సరిచేసుకుందామని అప్లికేషన్ పెట్టారట.

మిర్చిబజ్జీ
2015లో బీఆర్ఎస్ ఎక్కడిది, అప్పుడు టీఆర్ఎస్ కదా?

లెక్కల_మాస్టారు
అది బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్ నాయనా. పార్టీ పేరు మారింది 2022లో.

మోడరేటర్
పార్టీల దగ్గర ఆగిపోదాం. సెల్లార్‌లో నీళ్ల గురించి మాట్లాడుకోండి.

హసన్‌పర్తి_పోరడు
నీళ్లే మాట్లాడాలంటే: 2020 ఆగస్టులో నాలా పొంగినప్పుడు జిమ్ డంబెల్స్ తప్ప అన్నీ తేలాయి. మూడు రోజులు మోటార్లు పెట్టి తోడారు. 2023 జూలైలో మళ్లీ. ఆ తర్వాత జిమ్ సార్ తిరిగి రాలేదు.

ఇంటిమనిషి
ఈ థ్రెడ్ మా పెదనాన్న కూతురు పంపితే చూశాను. మీరు తిడుతున్న ఓనర్ మా తాత. ఆయన పోయి ఆరేళ్లయింది. కిరాయి పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి, ఎర్ర అట్ట ఖాతా బుక్కులు నాలుగు. రెండు రోజులు కూర్చొని చదివాను. మీ తగువుల్లో కొన్ని తీరుతాయి, కొన్ని ముదురుతాయి.

ఒకటి. మెట్లు నడుమ ఉన్నాయి కాబట్టి 'మెట్ల పక్క మడిగెలు' రెండు. నయీంనగర్ వైపుది ఒకటి, కేయూ వైపుది ఒకటి. నయీంనగర్_వాసి గారు, వాళ్ల నాన్నగారు చెప్పేది మొదటిదాని గురించి. వాళ్ల చెల్లెలు చెప్పేది రెండోదాని గురించి. ఎవరూ అబద్ధం ఆడలేదు.

రెండు. నయీంనగర్ వైపుదాంట్లో మొదటి కిరాయిదారు కిరాణా కాదు, ఎరువులు, విత్తనాల దుకాణం. 1986 జూన్‌లో చేరాడు, తొలకరికి. అప్పుడు మా కాంప్లెక్స్ దాటితే భీమారం దాకా ఎక్కువగా పొలాలేనట. ఊరు అయిపోయిన చోట కట్టాడని తాతను అందరూ నవ్వారట. 1991లో కిరాణా వచ్చింది. అతను అజాంజాహి మిల్లులో చేసి బయటికి వచ్చిన మనిషి, సరుకు వరంగల్ బీట్‌బజార్ నుంచి సైకిల్ మీద తెచ్చేవాడు. ఉద్దెర ఇచ్చి మునిగాడు. హాస్టల్ పిల్లల బాకీల చిట్టా ఒకటి మా తాతకు ఇచ్చి, 'వసూలైతే కిరాయి కింద తీసుకో సేటూ' అని పోయాడు. ఆ చిట్టా పుస్తకంలోనే ఉంది. పేర్లు చెప్పను, ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. 1995 నుంచి క్యాసెట్లు, 2006 దాకా. తర్వాత సెల్‌ఫోన్లు, తర్వాత కర్రీ పాయింట్.

మూడు. మీరు ఎవరూ నిలవరన్న ఐదో మడిగె. చెప్పులు, చేపలు, రెండు బేకరీలు, ఐస్‌క్రీం, అన్నీ నిజమే. 1999 నుంచి 2008లోపు ఆరుగురు. కానీ 2009లో ఒక లేడీస్ టైలర్ చేరాడు. 2020 దాకా ఉన్నాడు. 11 ఏళ్లు. మొత్తం కాంప్లెక్స్‌లో ఒక్కనెల కూడా కిరాయి ఆలస్యం చేయనిది ఆయన ఒక్కడే.

కాజీపేట_లోకో
పల్లంలో, ట్రాన్స్‌ఫార్మర్ వెనక, వీధిపోటుతో 11 ఏళ్లా?

పాత_కిరాయిదారు
అవును కదా! టైలర్‌కు రోడ్డు మీద పోయేవాళ్లతో పనేముంది. కొలత కుదిరితే ఆడవాళ్లు సందుగొందుల్లో ఉన్నా వెతుక్కుంటూ పోతారు. పైగా కనబడకపోతేనే నయం, లోపల బ్లౌజులు వేలాడుతుంటాయి. బేకరీకి శాపమైన చోటు టైలర్‌కు కలిసొచ్చింది.

మిర్చిబజ్జీ
వాస్తులో దర్జీ పనికి వీధిపోటు మంచిదే అని ఉంటుంది, మా మామను అడిగి చెబుతా.

నయీంనగర్_వాసి
ఇంటిమనిషి గారూ, చాలా థాంక్స్. నాన్నకు చదివి వినిపించా. 'ఎరువుల దుకాణం ఉండేదని నేను ముందే చెప్పా కదా' అంటున్నాడు. చెప్పలేదు. ఇంతకీ ఆ జాగాలో ఏం వస్తోంది?

ఇంటిమనిషి
తాత తర్వాత వాటాలు ఆరుగురికి పడ్డాయి. 14 మడిగెల కిరాయి ఆరుగురు పంచుకోవడం, రిపేర్‌కు ఆరుగురి సంతకాలు, ఇక కుదరలేదు. కొత్తదాంట్లో మడిగెలు ఉండవు. సెల్లార్ నిజంగానే పార్కింగ్. పైన మూడు ఫ్లోర్లు ఒకే షోరూంకు ఇద్దామని మాట్లాడుతున్నాం.

కేయూ_98బ్యాచ్
అంటే ఒకరికి గిరాకీ తగ్గితే మూడు ఫ్లోర్లు ఒకేసారి ఖాళీ. మీ తాతకు 14 మంది ఉండేవాళ్లు, ముగ్గురు పోయినా 11 మంది కట్టేవాళ్లు.

ఇంటిమనిషి
ఆ మాట మా బాబాయ్ కూడా అన్నాడు. ఆయన వాటా చిన్నది.

బతుకమ్మ_అక్క
అవన్నీ తర్వాత. ఆ టైలర్ ఎక్కడున్నాడో ఎవరికైనా తెలుసా? 2020 మార్చి మొదటి వారంలో ఏప్రిల్ పెళ్లికని పట్టుచీర మీది బ్లౌజు పీసు ఇచ్చాను. 22న లాక్‌డౌన్. మళ్లీ తెరిచేసరికి షట్టర్‌కు తాళం. చీర అట్లనే బీరువాలో ఉంది.

ఇంటిమనిషి
అడ్వాన్స్ తిరిగి ఇచ్చినప్పుడు రాసుకున్న నంబరు పుస్తకంలో ఉంది అక్కా. మెసేజ్‌లో పంపిస్తా. ఇప్పుడు భీమారంలో ఇంట్లోనే కుడుతున్నాడు.

మిర్చిబజ్జీ
అప్‌డేట్ ఇవ్వాలి అక్కా.

బతుకమ్మ_అక్క
ఈరోజు పోయి వచ్చా. నన్ను చూడగానే లోపలికి పోయి, పేరు, తేదీ రాసిన చీటీతో సహా సంచి తెచ్చాడు. కుట్టి, హుక్కులు వేసి, ఇస్త్రీ చేసి పెట్టి ఉంచాడు. మజూరీ పాతదే తీసుకున్నాడు.

ఇంటికొచ్చి వేసుకుంటే పట్టలేదు. మళ్లీ ఇచ్చి వచ్చా, కుట్లు విప్పడానికి. గురువారం రమ్మన్నాడు.